నిపా వైరస్: ఆసుపత్రి కన్నా ముందు ఈతవనం

నిపా వైరస్ పేరు వినగానే మన ఆలోచన కేరళ మీదికి, అక్కడి ఆసుపత్రుల మీదికి, నిలువెల్లా రక్షణ దుస్తులు ధరించిన వైద్య సిబ్బంది మీదికి పోతుంది. వ్యాధి వచ్చిన తరువాత జరిగే పోరాటానికి అది తగిన చిత్రమే. కాని ఈ వైరస్ మనిషిని తొలిసారి చేరే చోటు ఆసుపత్రి కాదు. మలేషియాలో అది మామిడి చెట్ల కింది పందుల కొట్టం. బంగ్లాదేశ్‌లో అది ఈత చెట్టుకు కట్టిన కుండ. రెండూ వ్యవసాయానికి, దాని అనుబంధ వృత్తులకు చెందిన స్థలాలే. కనుక నిపా నివారణను వైద్యశాఖకు మాత్రమే వదిలివేయడం సరికాదనీ, చెట్టు దగ్గర చేయవలసిన పనికి వ్యవసాయ, ఉద్యాన, పశువైద్య పరిశోధకులు ముందుకు రావాలనీ ఈ వ్యాసం వాదన. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలను దృష్టిలో ఉంచుకొని ఈ అభిప్రాయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ఒక మాట మొదటే స్పష్టం చేయాలి. తెలంగాణలో ఇంతవరకు నిపా వ్యాధి ఒక్కరిలోనూ నిర్ధారణ కాలేదు. ఈ మూడు జిల్లాల్లో కల్లు తాగేవారు, మామిడి తినేవారు నేడు భయపడవలసిన కారణమేదీ లేదు. భయం లేని కాలంలోనే నిదానంగా పరిశోధన చేయగలం, గీత కార్మికులతో కూర్చుని మాట్లాడగలం, తక్కువ ఖర్చుతో పరిష్కారాలు వెదకగలం. వ్యాధి వచ్చిన మరునాడు వీటిలో ఏదీ సాధ్యం కాదు.

మలేషియా పందుల కొట్టాలు చెప్పిన పాఠం

1998 చివరలో మలేషియాలోని పందుల పెంపకందారుల్లో జ్వరం, మెదడువాపు వ్యాపించాయి. దానిని మొదట జపనీస్ మెదడువాపుగా భావించారు. ఆ భావనతోనే దోమల మందు చల్లారు, టీకాలు వేశారు. వ్యాధి ఆగలేదు. జపనీస్ మెదడువాపు ఎక్కువగా పిల్లలను బాధిస్తుంది. ఇక్కడ పడిపోతున్నది పందులతో పనిచేసే వయోజనులు. పైగా వారికంటే ముందు వారి పందులు జబ్బుపడ్డాయి, దూరానికి వినిపించేంత బిగ్గరగా దగ్గాయి. ఈ తేడాలు అనుమానానికి దారితీయగా, 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయానికి చెందిన చువా కా బింగ్ బృందం కొత్త వైరస్‌ను గుర్తించింది. రోగి స్వగ్రామమైన సుంగై నిపా పేరే వైరస్‌కు స్థిరపడింది. మలేషియాలో 265 మంది వ్యాధిగ్రస్తులు కాగా 105 మంది మరణించారు. అక్కడి నుంచి దిగుమతి అయిన పందుల ద్వారా సింగపూర్‌లో వధశాల కార్మికులకు సోకి ఒకరు మరణించారు. పది లక్షలకు పైగా పందులను చంపి పూడ్చవలసి వచ్చింది.

ఈ వైరస్‌కు సహజ నిలయం పండ్లు తినే పెద్ద గబ్బిలాలు. వాటిలో ఇది జబ్బు కలిగించదు. లాలాజలం, మూత్రం, మలం ద్వారా అప్పుడప్పుడు బయటికి వస్తుంది. మలేషియాలో పందుల కొట్టాల పక్కనే, వాటి మీదికి కొమ్మలు వంగేలా మామిడి తదితర పండ్ల చెట్లు పెంచారు. గబ్బిలాలు సగం కొరికి వదిలిన పండ్లు కొట్టంలో పడ్డాయి. పందులు వాటిని తిన్నాయి. ఒకే భూమి నుంచి రెండు ఆదాయాలు పొందాలన్న సదుద్దేశంతో చేసిన ఏర్పాటు అది. చెట్టును, కొట్టాన్ని కొంత దూరంగా ఉంచి ఉంటే ఆ దారి మూసుకుపోయేది. అటువంటి దూరాన్ని నిర్ణయించి రైతుకు చెప్పేది వైద్యుడు కాదు, వ్యవసాయ విస్తరణాధికారి.

ఈత రసం ద్వారా వ్యాపించిన తీరు

బంగ్లాదేశ్‌లో 2001 నుంచి దాదాపు ప్రతి ఏటా నిపా కనిపిస్తున్నది. అక్కడ పందుల పాత్ర లేదు. వ్యాధి ఎక్కువగా డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు, చెట్ల నుంచి రసం తీసే కాలంలో వస్తుంది. టంగాయిల్ జిల్లాలో 2004 చివర, 2005 ఆరంభంలో వచ్చిన వ్యాధిపై జరిగిన విచారణ పచ్చి రసం తాగడానికీ నిపాకూ గల సంబంధాన్ని మొదటగా చూపింది. ఆ తరువాత చెట్ల మీద పరారుణ కెమెరాలు అమర్చి రాత్రివేళ చిత్రాలు తీశారు. గబ్బిలాలు చెక్కిన భాగం మీద వాలి కారుతున్న రసాన్ని నాకడం, కుండ మీదనే మూత్రం విసర్జించడం వాటిలో కనిపించింది.

ఆ చెట్టు మనకు పరాయిది కాదు. బంగ్లాదేశీయులు రసం తీసే ఖర్జూర జాతి మన ఈత చెట్టే. శాస్త్రీయ నామం కూడా ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్ అనేదే. అక్కడి గబ్బిలమూ మన ఊరి మర్రిమీద, చింతమీద తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలమే. చెట్టు ఒకటే, గబ్బిలం ఒకటే. మొవ్వు కింద చెక్కి రాత్రంతా రసం కారనిచ్చే పద్ధతి కూడా ఒకటే. తేడా ఉన్నది రసాన్ని వాడుకోవడంలో. అక్కడ తెల్లవారగానే పులియని రసం తాగడం, మిగిలినదానిని కాచి బెల్లం చేయడం వాడుక. మన వద్ద ఎక్కువగా పులిసిన కల్లు తాగుతారు.

పులిసిన కల్లులో ఆల్కహాలు ఉంటుంది కాబట్టి వైరస్ చస్తుందని అనుకోవడానికి వీలులేదు. కల్లులోని స్వల్ప ఆల్కహాలు అందుకు చాలదు. బంగ్లాదేశ్‌లో 2011 నుంచి 2014 వరకు వచ్చిన కొన్ని సంక్రమణలను విచారించినప్పుడు, రోగులు తాగినది పచ్చి రసం కాదు, పులిసిన తాడి అని తేలింది. పశ్చిమబెంగాల్‌లోని నదియా జిల్లాలో 2007లో ఐదుగురికి నిపా సోకగా ఐదుగురూ మరణించారు. వారిలో మొదట జబ్బుపడిన వ్యక్తికి తాటిజాతి చెట్ల రసంతో చేసిన నాటు సారా తాగే అలవాటు ఉన్నదనీ, అతని ఇంటి చుట్టూ చెట్లపై గబ్బిలాలు వేలాడుతుండేవనీ పరిశోధకులు నమోదు చేశారు. కృత్రిమంగా తయారుచేసిన రసంలో ఈ వైరస్ రోజుల తరబడి నిలిచి ఉండగలదని ప్రయోగశాలల్లో తేలింది. రసాన్ని బాగా మరిగిస్తే మాత్రం వైరస్ నశిస్తుంది.

కేరళలో రసం మార్గం రుజువు కాలేదు. 2018 మేలో కోళికోడ్ జిల్లా పేరాంబ్ర ప్రాంతంలో మొదలైన వ్యాధి అధికారిక లెక్క ప్రకారం 17 మందిని బలిగొన్నది. తొలి రోగి ఇంటి బావిలో పట్టిన గబ్బిలాలను పరీక్షించగా వైరస్ లేదు. అవి పురుగులు తినే జాతివి. తరువాత ఆ పరిసరాల్లో పట్టిన పండ్ల గబ్బిలాల్లో వైరస్ దొరికింది. ఆ తరువాత 2019లో ఎర్నాకుళంలో, 2021లోను 2023లోను కోళికోడ్‌లో, 2024లో మలప్పురంలో వ్యాధి మళ్లీ వచ్చింది. ఈ సందర్భాల్లో గబ్బిలాలు కొరికిన పండ్ల మీదనే అనుమానం ఎక్కువగా ఉన్నది.

మనకు పొరుగు రాష్ట్రాల సంగతీ గమనించదగినది. మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ గుహలో 2020లో పట్టిన గబ్బిలాల్లో నిపా ప్రతిరక్షకాలు కనిపించినట్లు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ప్రకటించింది. ఆ సంస్థ తరువాత జరిపిన సర్వేలో కర్ణాటక, తమిళనాడు తదితర రాష్ట్రాల గబ్బిలాల్లోనూ ఆధారాలు లభించాయి. పెద్ద గబ్బిలం ఆహారం కోసం ఒక్క రాత్రిలో పదుల కిలోమీటర్లు ఎగురుతుంది. రాష్ట్ర సరిహద్దు దానికి అడ్డు కాదు.

వ్యాధి లక్షణాలు: పల్లెలో మొదట కనిపించేది మామూలు జ్వరమే

వైరస్ సోకిన నాలుగు నుంచి 14 రోజులలో సాధారణంగా లక్షణాలు మొదలవుతాయి. అరుదుగా 45 రోజుల వరకు కూడా పట్టవచ్చు. మొదట జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు, గొంతునొప్పి ఉంటాయి. తరువాత తల తిరగడం, మత్తుగా పడి ఉండడం, మాట తడబడడం, మనుషులను గుర్తించలేకపోవడం కనిపిస్తాయి. ఇవి మెదడువాపు సూచనలు. తీవ్రమైనవారిలో మూర్ఛలు వచ్చి, 24 నుంచి 48 గంటలలోనే కోమాలోకి జారిపోతారు. మలేషియా రోగుల్లో మెదడువాపే ప్రధానం కాగా, భారత, బంగ్లాదేశ్ రోగుల్లో చాలామందికి దగ్గు, తీవ్రమైన ఆయాసం కూడా వచ్చాయి. మనిషి నుంచి మనిషికి వ్యాపించడానికి ఈ దగ్గే ఎక్కువగా తోడ్పడింది.

మరణాల శాతం ఒక్కొక్క సందర్భంలో ఒక్కొక్క విధంగా 40 నుంచి 75 వరకు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బతికినవారిలో సుమారు ఐదింట ఒక వంతు మందికి మూర్ఛలు, స్వభావంలో మార్పు వంటి బాధలు మిగిలిపోతాయి. కోలుకున్న కొందరికి నెలల తరువాత, ఏళ్ల తరువాత మెదడువాపు తిరగబెట్టిన సందర్భాలు ఉన్నాయి. ఆమోదం పొందిన టీకా గాని, ప్రత్యేక ఔషధం గాని ఇంతవరకు లేదు. శ్వాసకు, మెదడుకు ఆసరా ఇచ్చే చికిత్సే ఆధారం. గొంతు స్రావం, వెన్నునీరు, మూత్రం, రక్తం నమూనాలను ఆర్‌టీపీసీఆర్ పద్ధతిలో పరీక్షించి వ్యాధిని నిర్ధారిస్తారు.

ఈ తొలి లక్షణాలలో నిపాకు మాత్రమే ప్రత్యేకమైనది ఒక్కటీ లేదు. మహబూబాబాద్, భూపాలపల్లి అటవీ మండలాల్లో వానాకాలం వస్తే మలేరియా, డెంగీ జ్వరాలు మామూలే. మెదడుకు ఎక్కిన మలేరియాలోనూ మత్తు, మూర్ఛలు ఉంటాయి. మెదడువాపు ఎంత వేగంగా ప్రాణం తీయగలదో ఈ ప్రాంతం ఇదివరకే చూసింది. 2003 వేసవి చివర, వానాకాలం తొలి రోజుల్లో కరీంనగర్, వరంగల్ జిల్లాలతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు తీవ్రమైన మెదడువాపు పాలై 183 మంది మరణించారు. ఇసుక ఈగల ద్వారా వ్యాపించే చాందీపుర వైరస్ దానికి కారణమని తరువాత తేలింది. నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ప్రధానంగా నాటి వరంగల్ జిల్లా నుంచి ఏర్పడినవే.

కనుక లక్షణాలు మాత్రమే చూసి నిపాను పట్టుకోలేం. రోగి చరిత్ర అడగాలి. గడచిన నెలరోజుల్లో పచ్చి రసం గాని కల్లు గాని తాగారా, గబ్బిలం కొరికిన పండు ముట్టుకున్నారా, జబ్బుపడిన పందులను చూసుకున్నారా, ఇటువంటి జ్వరంతో ఉన్నవారికి సేవ చేశారా అనే ప్రశ్నలు జ్వరంతో పాటు మత్తు కనిపించిన ప్రతి వయోజన రోగినీ అడిగి కేసు పత్రంలో రాయాలి. ఒకే ఇంట్లో, ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురు ఒకరి తరువాత ఒకరు ఇలా పడిపోతే అది మరింత బలమైన సూచన.

ఈ ప్రశ్నల విలువ ఎంతో రెండు ఉదాహరణలు చెబుతాయి. 2001లో పశ్చిమబెంగాల్‌లోని సిలిగురిలో 66 మందికి వ్యాధి సోకి 45 మంది మరణించారు. వారిలో అధికభాగం ఆసుపత్రుల సిబ్బంది, రోగులను చూడవచ్చినవారు. కారణం నిపా అని తేలడానికి ఏళ్లు పట్టింది. 2018లో కేరళలో ఒకే కుటుంబంలో రెండో వ్యక్తి జబ్బుపడగానే వైద్యులు అనుమానించి నమూనాలు మణిపాల్‌కు, పుణెకు పంపారు. తొలి రోగి నుంచి ఆసుపత్రిలో అప్పటికే పలువురికి వ్యాధి సోకినా, రోగులను చూసుకున్న ఒక నర్సు సైతం ప్రాణాలు కోల్పోయినా, సంబంధీకులను వెదికి విడిగా ఉంచడం వల్ల కొద్ది వారాల్లోనే వ్యాధి అదుపులోకి వచ్చింది. సగటున ఒక నిపా రోగి నుంచి ఒకరికన్నా తక్కువ మందికే వ్యాధి సోకుతుంది. త్వరగా గుర్తించి జాగ్రత్త పడితే గొలుసు తెగిపోతుందన్నదే దీని అర్థం.

మూడు జిల్లాల్లో మన ముందున్న పని

జనగామ ప్రాంతం కల్లుగీతకు పేరుపొందినది. సర్దార్ సర్వాయి పాపన్న కోట నిలిచి ఉన్న ఖిలాషాపూర్ ఈ జిల్లాలోదే. తాటి, ఈత వనాల మీద ఆధారపడిన కుటుంబాలు మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి. ప్రభుత్వం హరితహారంలో ఈత, తాటి మొక్కలు నాటించింది. హైదరాబాద్‌లో 2023లో నీరా కేంద్రాన్ని ప్రారంభించి, పులియని రసాన్ని ఆరోగ్య పానీయంగా ప్రోత్సహిస్తున్నది. గీత వృత్తికి ఇది మేలు చేసే ఆలోచనే. అయితే పులియని రసాన్ని పచ్చిగా తాగే అలవాటు పెరిగేకొద్దీ, బంగ్లాదేశ్ అనుభవాన్ని పక్కన పెట్టడం మనకు తగదు. నీరా విధానంలో శీతలీకరణకు ఎంత ప్రాధాన్యం ఇస్తున్నామో, రాత్రి చెట్టు మీద కుండకు రక్షణ కల్పించడానికీ అంత ఇవ్వాలి. చల్లదనం పులియడాన్ని ఆపుతుంది గాని వైరస్‌ను చంపదు.

మొదటి పని లొట్టికి కప్పు. బంగ్లాదేశ్‌లో గీసేవారే చాలాకాలంగా వెదురుతో అల్లిన చిన్న తడికను చెక్కిన భాగం నుంచి కుండ మూతి వరకు కట్టేవారు. పరిశోధకులు దానిని మెరుగుపరచి వెదురుతో, జనపనార పుల్లలతో, జీలుగ కట్టెలతో, పాలిథీన్‌తో చేసి పరీక్షించారు. సరిగ్గా కట్టినప్పుడు ఇవి గబ్బిలాలను రసానికి చాలావరకు దూరంగా ఉంచాయి. వెదురు భూపాలపల్లి అడవుల్లో ఉన్నది. జీలుగ మన రైతులు పచ్చిరొట్ట కోసం చల్లే పైరే. తాటాకు ఎలాగూ చెట్టు మీదనే ఉన్నది. పదార్థాలన్నీ ఊళ్లోనే దొరుకుతాయి. లేనిది మన చెట్లకు సరిపోయే నమూనా.

ఆ నమూనా తయారు చేయడం పరిశోధనాంశం. ఈత చెట్టుకు మొవ్వు కింద చెక్కి రసం కారనిస్తారు. తాటికి గెలల కొనలను కోసి లొట్టిలో ఉంచుతారు. ఈతకు పనికివచ్చే కప్పు తాటికి పనికిరాకపోవచ్చు. కప్పు బరువు ఎంత, మోకు మీద నిలబడి ఒక చేత్తో కట్టడానికి, విప్పడానికి ఎంత సమయం పడుతుంది, గాలికి నిలుస్తుందా, రసం దిగుబడి తగ్గుతుందా, ఎన్ని నెలలు మన్నుతుంది, ఖర్చెంత అనేవి కొలవాలి. పరారుణ కెమెరాలతో కప్పు ఉన్న చెట్టును, లేని చెట్టును పోల్చాలి. వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, మల్యాలలోని కృషి విజ్ఞాన కేంద్రం వంటివి ఒక చలికాలం ఈత మీద, ఒక వేసవి తాటి మీద ఈ పరీక్ష నడిపితే సమాధానాలు వస్తాయి. కల్లుగీత సహకార సంఘాల వారు మొదటి రోజు నుంచే ఇందులో భాగస్వాములు కావాలి. చెట్టెక్కేవాని చేతికి ఒదగని కప్పు కాగితం మీద ఎంత బాగున్నా లొట్టి మీదికి చేరదు.

అదనపు శ్రమ ఎవరు భరిస్తారన్నది న్యాయమైన ప్రశ్న. రోజుకు పదుల చెట్లెక్కే మనిషికి చెట్టుకు రెండు నిమిషాలు పెరిగినా అది పెద్ద భారమే. ప్రభుత్వం 2024 జూలై నుంచి గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా పరికరాలను అందిస్తున్నది. చెట్టు మీది మనిషిని కాపాడే ఆ పరికరాలతో పాటు లొట్టిని కాపాడే కప్పును కూడా చేర్చడం కష్టమేమీ కాదు. కప్పు ఖర్చు కార్మికుని మీద పడరాదు. కప్పు కట్టిన చెట్టు కల్లుకు ఒక గుర్తింపు ఇస్తే, దానికి తగిన ధర కూడా వస్తుంది.

రెండో పని పండ్ల తోటలకు సంబంధించినది. గబ్బిలం కొరికిన మామిడి, జామ, సపోటాలను ఏరి గుంటలో పూడ్చాలి. వాటిని తినరాదు, గంపలో కలపరాదు. ముఖ్యంగా పందులకు, మేకలకు, గొర్రెలకు వేయరాదు. ఏరేవారు చేతులకు తొడుగులు వాడి, పని ముగిశాక సబ్బుతో కడుక్కోవాలి. మంచి పండ్లను కూడా కడిగి, తొక్క తీసి తినాలి. పందుల కొట్టాలు, మేత తొట్లు పండ్ల చెట్ల కొమ్మల కింద ఉండరాదు. పందుల్లో తీవ్రమైన దగ్గు, జ్వరం, నడకలో తూలు ఒకేసారి కనిపిస్తే మామునూరులోని పశువైద్య నిపుణులకు వెంటనే తెలిసే ఏర్పాటు గ్రామస్థాయిలో ఉండాలి. పెంపకందారుని మందలించడం వల్ల ఈ సమాచారం రాదు. జంతువులను వధించవలసి వస్తే పరిహారం దక్కుతుందన్న హామీ ఉంటేనే వస్తుంది.

మూడో పని గబ్బిలాలను కాపాడడం. నిపా వార్త వచ్చిన ప్రతిసారీ చెట్లు నరకాలని, పొగబెట్టి తరమాలని మాటలు వినిపిస్తాయి. ఇది మనకే చేటు. ఇప్ప పూతలో పరపరాగ సంపర్కానికి, మర్రి, రావి వంటి చెట్ల గింజలను దూరాలకు చేర్చడానికి ఈ గబ్బిలాలు తోడ్పడతాయి. ఇప్పపూవు మీద ఆధారపడిన గిరిజన కుటుంబాలున్న మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు ఈ సేవ చిన్నది కాదు. తరిమిన గబ్బిలం మాయం కాదు; పక్క ఊరికి పోతుంది, ఆకలితో, ఒత్తిడితో పోతుంది. ఆస్ట్రేలియాలో నిపాకు దగ్గరి బంధువైన హెండ్రా వైరస్ మీద ఏళ్ల తరబడి జరిగిన పరిశీలనలు ఇదే చెప్పాయి. అడవి నశించి, పూత దొరకని కాలాల్లో గబ్బిలాలు పొలాల దగ్గరికి వచ్చాయి, గుర్రాలకు వైరస్ సోకడం పెరిగింది. పండ్ల గబ్బిలం ఒకప్పుడు వన్యప్రాణి చట్టంలో హానికర జంతువుల జాబితాలో ఉండేది. 2022 సవరణతో ఆ జాబితాయే చట్టం నుంచి తొలగిపోయింది. ఆయాసానికి మందని, మాంసానికని గబ్బిలాలను పట్టడం కూడా మానిపించాలి; వాటిని చేత్తో పట్టి కోయడం కంటే ప్రమాదకరమైన సంపర్కం లేదు.

ఆలస్యం చేస్తే నష్టపోయేది ఎవరు?

లేని వ్యాధి గురించి మాట్లాడి కల్లుగీత వృత్తిని దెబ్బతీయడం తగునా అని కొందరు అడగవచ్చు. ఈ అభ్యంతరాన్ని తేలికగా తీసుకోరాదు. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోడిమాంసం వల్ల కరోనా వస్తుందన్న ఒట్టి వదంతి కోళ్ల రైతులను నష్టాల్లో ముంచింది. హైదరాబాద్‌లో మంత్రులే బహిరంగ వేదిక మీద కోడికూర తిని చూపవలసి వచ్చింది. 2018లో నిపా వార్తతో కొన్ని గల్ఫ్ దేశాలు కేరళ పండ్లు, కూరగాయల దిగుమతిని నిలిపివేశాయి. ఆ రైతుల తోటల్లో వైరస్ ఉన్నదా లేదా అని ఎవరూ అడగలేదు.

ఈ అనుభవాల నుంచి నేను తీసుకునే నిర్ణయం మౌనం వైపు కాదు, ముందస్తు సిద్ధత వైపు. మూడు జిల్లాల్లో ఎక్కడైనా ఒక్క నిపా రోగి బయటపడిన రోజున, కల్లు తాగవద్దన్న ప్రచారం ఒక్క పూటలో రాష్ట్రమంతా పాకుతుంది. ఆనాడు మన చేతిలో పరీక్షించిన కప్పు, అది పనిచేస్తుందనే కొలతలు, దానిని వాడుతున్న ఊళ్లు ఉంటే, కప్పు కట్టిన చెట్టు రసం సురక్షితమని ఆధారంతో చెప్పగలం. అవి లేకపోతే చెప్పడానికి మిగిలేది నిషేధం ఒక్కటే. బంగ్లాదేశ్‌లోనూ ఈ రెండు సందేశాలను పల్లెల్లో వేర్వేరుగా ప్రచారం చేసి చూశారు: ఒకటి పచ్చి రసం అసలే తాగవద్దని, మరొకటి తాగితే కప్పు కట్టిన చెట్టు రసమే తాగాలని. మరిగించిన రసం అన్నింటికన్నా సురక్షితమన్నది నిజమే. తాటి బెల్లం, ఈత బెల్లం తయారీని పెంచడానికి అదీ ఒక కారణం కావాలి. కాని కల్లు మండువలో రేక పట్టిన మనిషికి మానమని చెప్పేకన్నా, లొట్టికి కప్పు ఉన్నదా అని అడగమని చెప్పడం ఆచరణకు దగ్గరగా ఉంటుంది. ఆ ప్రశ్న పది నోళ్లలో నానితే గీత కార్మికుడే కప్పు కోసం అడుగుతాడు.

వైద్యశాఖ చేయవలసింది వైద్యశాఖ చేస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. వరంగల్‌లో మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి ఉన్నది. రోగిని విడిగా ఉంచడం, నమూనాలను పంపడం, సంబంధీకులను వెదకడం వారి బాధ్యత. కాని వారి చేతికి రోగి వచ్చేసరికే వైరస్ చెట్టు దిగి ఉంటుంది. చెట్టు మీద ఉండగానే దానిని ఆపే అవకాశం వ్యవసాయ శాస్త్రానికి మాత్రమే ఉన్నది. ఆ పనికి పెద్ద నిధులు అక్కరలేదు. కొంత వెదురు, కొన్ని కెమెరాలు, గీత కార్మికుల సహకారం, ఒక పరిశోధనా బృందం చాలు. రానున్న చలికాలంలో ఈత చెట్లకు కత్తి పడేనాటికి ఈ మూడు జిల్లాల్లో ఒక్కొక్క గ్రామంలోనైనా కప్పు కట్టిన లొట్లు కనిపించాలని, విశ్వవిద్యాలయ పరిశోధన మండలి దీనిని ఈ ఏడాది కార్యక్రమంలో చేర్చాలని కోరుతున్నాను.